ఉద్దానం బాండు - రాని మొదటి ఆల్బం

గిటార్ పట్టుకున్న మనిషొకడు, పక్కన ఇద్దరో ముగ్గురో. పాట రాసేదీ అతనే, బాణీ కట్టేదీ అతనే, గుండెలో ఉన్నదంతా బయటికొచ్చేలా పాడేదీ అతనే. మన సాఫ్ట్‌వేర్ జనాల హెడ్‌ఫోన్లలో ఇలాంటి బాండ్లు తక్కువలో తక్కువ నాలుగైదుంటాయి. వాటి గురించి మాట్లాడుకునేటప్పుడు "వాళ్ళ మొదటి ఆల్బం వినాలి గురూ, తర్వాతవన్నీ దానిముందు దిగదుడుపే" అనే మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మొదటి ఆల్బం అంటే అంత మోజెందుకు? అప్పటిదాకా ఎవరికీ తెలీని మనిషి ఒకానొక తేదీన, సొంత పేరుతో, సొంత గొంతుతో లోకానికి పరిచయమయ్యేది దాంతోనే కాబట్టి.

ఇలాంటి బాండు ఒకటి మన శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1960లలో, పలాస దగ్గర బొడ్డపాడులో. పాటగాడి పేరు సుబ్బారావు పాణిగ్రాహి. గుళ్ళో అర్చకత్వం చేసుకునే మనిషి. గిటార్ బదులు ఆ దళం చేతిలో ఉన్నది జముకు. పాటలున్నాయి, జనం ఉన్నారు, ఊరూరా ప్రదర్శనలున్నాయి. ఆల్బం మాత్రం రాలేదు. రాకపోతే ఏమైందట, పాట బతికింది కదా అని మీరనొచ్చు. పాట బతికింది, నిజమే. కానీ ఏం పోయిందో కూడా లెక్క చూసుకోవాలి. నా గోలంతా దాని గురించే.

ముందు ఊళ్ళ సంగతి. హౌరా వైపు వెళ్ళే రైళ్ళలో తిరిగినవాళ్ళకి పలాస అంటే జీడిపప్పు పొట్లాలమ్మే స్టేషను. పక్కనే కాశీబుగ్గ, రెండూ కలిసిపోయిన జంట ఊళ్ళు. కిందకొస్తే టెక్కలి. పలాస నుంచి తూర్పుగా సముద్రం దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలున్న నేలంతా ఉద్దానం. ఉద్యానవనం అన్నదే వాడుకలో ఉద్దానం అయిందంటారు. ఈమధ్య కాలంలో ఈ పేరు పేపర్లలో వచ్చింది ముఖ్యంగా రెండు కారణాలతో. ఒకటి, ఊళ్ళకి ఊళ్ళని పీడిస్తున్న కిడ్నీ జబ్బు. రెండోది, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను. ఒక్క రాత్రిలో తరాలనాటి కొబ్బరి చెట్లు పడిపోయాయి. తోటలున్నా బతుకుతెరువుకి బయటి రాష్ట్రాలకి పోయేవాళ్ళు ఇక్కడ ఎప్పుడూ ఎక్కువే. ఒరియా, తెలుగు రెండూ ఒకే వీధిలో వినిపించే చోటు కూడా ఇదే. పాణిగ్రాహి అన్న ఇంటిపేరే ఆ సంగతి చెబుతుంది. ఒరియా కుటుంబం నుంచొచ్చి తెలుగులో పాట కట్టిన మనిషాయన.

కథ ఆయనకంటే ముందునుంచి మొదలెట్టాలి. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. దేశం నలుమూలల నుంచి రైతు నాయకులు ఈ చిన్న ఊరికొచ్చారు. అప్పట్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ మందస జమీందారీ కింద ఉండేవి. అడవిలో కట్టె కొట్టుకుంటే నేరం. మహాసభ జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులొస్తే ఆడవాళ్ళు అడ్డం తిరిగారు. ముందు నిలబడింది సాసుమాన గున్నమ్మ, అప్పటికి గర్భవతి. కాల్పుల్లో ఆమె, మరికొందరు చనిపోయారు. వీరగున్నమ్మ అని ఆ జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సరిగ్గా అదే నెలలో భూగోళానికి అటుపక్క జరిగిన ఇంకో సంగతి చెప్తాను. 1940 ఏప్రిల్ 26న, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం కామ్డెన్‌లో, విక్టర్ కంపెనీ స్టూడియోలో వుడీ గత్రీ అనే ఓక్లహోమా కుర్రాడు గిటార్ పట్టుకుని కూర్చున్నాడు. దుమ్ము తుఫాన్లకి పొలాలు పోయి, బాంకులకి ఇళ్ళు పోయి, కాలిఫోర్నియాకి వలసపోయిన రైతుల మీద తను రాసిన పాటలు పాడాడు. 'డస్ట్ బౌల్ బాలడ్స్' అనే పేరుతో అది ఆయన మొదటి ఆల్బం అయింది. అప్పటి ప్లేటు ఒక పక్కకి మూడు నాలుగు నిముషాలే పట్టేది. అందుకని మూడేసి ప్లేట్లు రెండు సెట్లుగా తెచ్చారు. ఒక పాట మరీ పొడుగైపోయి ప్లేటు రెండు పక్కలకీ విడగొట్టాల్సొచ్చింది. ఆల్బం అన్న మాట పుట్టింది కూడా ఇలాంటి సెట్ల నుంచే. ఫోటోల ఆల్బంలా అట్టల మధ్య కాగితపు సంచుల్లో ప్లేట్లు పెట్టి అమ్మేవారు. దానికి నెల రోజుల ముందు, అంటే మన పలాసలో మహాసభలు జరిగిన మార్చిలోనే, అలన్ లోమాక్స్ అనే ఆయన అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం కోసం ఇదే గత్రీని కూర్చోబెట్టి పాటలూ మాటలూ గంటల తరబడి రికార్డు చేశాడు.

రెండు చోట్లా నేల పోగొట్టుకున్న రైతులే. రెండు చోట్లా పాటలే. అక్కడ కంపెనీ ఉంది, ప్రభుత్వం తరఫున మైకు పట్టుకొచ్చిన మనిషున్నాడు. అందుకే గత్రీ 27 ఏళ్ళ వయసులో ఎలా పాడాడో ఇవాళ నేను బెంగుళూరు ట్రాఫిక్‌లో కూర్చుని వినగలను. గున్నమ్మ మీద మొదటి పాట పాడిన గొంతు ఏ ప్లేటు మీదా లేదు.

ఇప్పుడు వాయిద్యం సంగతి. గిటార్ గురించి మనలో చాలామందికి తెలుసు, కాలేజీలో కనీసం ఒక నెలన్నా నేర్చుకుని వదిలేసి ఉంటారు. జముకు చూసినవాళ్ళు తక్కువ. పైన మూత లేని ఒక గుండ్రటి పాత్ర. కింద తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు మధ్యలోంచి ఒక నరం పాత్రలోపలి నుంచి పైకొస్తుంది. దాని కొసన పట్టుకోడానికి చిన్న పిడి. పాత్రని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పిడిని లాగి పట్టుకుని, రెండో చేత్తో నరాన్ని మీటుతారు. గట్టిగా లాగితే స్వరం పైకి, వదిలితే కిందకి. మెట్లు లేవు, బిరడాలు లేవు. అటు డప్పులా దరువూ, ఇటు తీగలా స్వరమూ ఒక్కదాంట్లోనే. మంచి వాయిద్యగాడి చేతిలో అది మూలుగుతుంది, గదమాయిస్తుంది, కథకుడి మాటకి ఊఁ కొడుతుంది. బెంగాల్ బౌల్ గాయకుల ఖమక్ కూడా ఈ జాతిదే. తెలంగాణ, రాయలసీమల్లో బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథకి వాడే జమిడిక దీనికి చుట్టమే.

ఉత్తరాంధ్రలో జముకుల కథ అంటే గ్రామదేవతల కొలుపుల్లో రాత్రంతా సాగే కథ. సాధారణంగా ముగ్గురుంటారు. ప్రధాన కథకుడు గజ్జెలు కట్టుకుని అడుగులేస్తూ కథ చెప్తాడు, మిగతావాళ్ళు జముకు వాయిస్తూ వంత పాడతారు. ఒక చరణం కథకుడిది, దాని తోక వంతలది. చరణం వింటున్నప్పుడు అర్థం కానిది తోక రెండోసారి వచ్చేసరికి నోటికొచ్చేస్తుంది. చదువు రాని జనానికి పాట అందించాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకోటి లేదు.

తెలుగునాట రాజకీయం చెప్పడానికి జానపద కళని వాడుకోవడం పాణిగ్రాహితో మొదలవ్వలేదు. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. నాజర్ తంబురా భుజానేసుకుని బుర్రకథ చెప్తుంటే వేలమంది కూర్చుని వినేవారు. ఏమాటకామాట, తంబురా భుజానికి వేలాడేసుకుని, పక్కన డక్కీలు కొట్టే వంతలతో నాజర్ నిలబడిన ఫోటో చూస్తే ఏ రాక్ బాండుకీ తీసిపోదు. కానీ బుర్రకథ కోస్తా మధ్య జిల్లాల్లో పెరిగిన రూపం. బొడ్డపాడు జనం చిన్నప్పట్నుంచి అమ్మవారి పండక్కి నిద్రమానుకుని విన్నది జముకు. పాణిగ్రాహి గొప్పదనం ఇక్కడ నాకు కనిపిస్తుంది. గుడి, కొలుపు, పూజ తెలిసిన మనిషి కాబట్టి జనం చెవి ఎక్కడుందో ఆయనకి తెలుసు. అమ్మవారి కథకి కూర్చునే జనం ముందు, అదే జముకుతో, అదే నడకలో, అప్పులవాళ్ళ గురించీ భూముల గురించీ కథ మొదలెట్టారు. మన భాషలో చెప్పాలంటే ప్రోటోకాల్ ముట్టుకోలేదు, పేలోడ్ మార్చారు. జనం కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు, మామూలుగా వచ్చి చాప మీద కూర్చోవడమే.

రాసేవాడు, పాడేవాడు, దళాన్ని నడిపేవాడు ఒక్కడే. బాండు అనడానికి ఇంతకంటే ఏం కావాలి? విడుదల మాత్రం మనకి అలవాటైన పద్ధతిలో ఉండదు. ఇవాళ ఒక ఊళ్ళో పాడితే అది ఆ ఊళ్ళో విడుదల. అక్కడ విన్న కుర్రాడు మామిడితోటలో పాడుకుంటే అది రెండో ముద్రణ. వాడు ఒక మాట మర్చిపోయి ఇంకో మాట పెడితే అది కొత్త వెర్షను. ఏ వెర్షను అసలుదో అడిగే దిక్కు లేదు.

అప్పటి రోజులు వేగంగా మారిపోయాయి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకి నడిచివెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు 1968లో కొట్టేశారు. అదే ఏడాది నవంబర్ కల్లా ఉద్యమం ఆయుధం పట్టింది. అటు పార్వతీపురం కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. ఇటు ఉద్దానంలో బొడ్డపాడు కేంద్రం. బొడ్డపాడుకే చెందిన పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు 1969 మే 27న పోలీసుల చేతుల్లో చనిపోయారు. పాణిగ్రాహి పాటగాడిగా మొదలై దళంతో కొండెక్కారు. 1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో ఆయన, కృష్ణమూర్తి భార్య పంచాది నిర్మల, మరికొందరు పోలీసు తూటాలకి బలయ్యారు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, పట్టుకుని కాల్చేశారని ఉద్యమం వైపువాళ్ళన్నారు.

సాయుధ పోరాటం సరైనదా కాదా అన్నది పెద్ద చర్చ. దాని మీద మీకూ నాకూ వేరువేరు అభిప్రాయాలుండొచ్చు. నేను అడిగేది దానికంటే చిన్న ప్రశ్న. ఒక పాటగాడు పోయాక ఆ పాటగాడిది ఏం మిగులుతుంది?

దీనికి జవాబు కోసం చిలీ దాకా వెళ్ళొద్దాం. విక్టర్ హారా అనే పాటగాడు. ఆయనా రైతుకూలీల ఇంట్లో పుట్టినవాడే, పాట రాసేదీ పాడేదీ గిటార్ వాయించేదీ ఆయనే. మొదటి సోలో ఆల్బం 1966లో వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో పాణిగ్రాహి ఉద్దానంలో పాడుతున్నారు. 1973 సెప్టెంబర్ 11న చిలీలో సైనిక కుట్ర జరిగింది. ఐదు రోజుల తర్వాత, 16న, హారాని చంపేశారు. భార్య జోన్ ఆయన టేపులు దేశం దాటించి తీసుకెళ్ళింది. పాటలు లోకమంతా తిరిగాయి. ఆయన్ని నిర్బంధించిన స్టేడియానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. చివరికి 2023 ఆగస్టులో, అంటే యాభై ఏళ్ళకి, చిలీ సుప్రీంకోర్టు మాజీ సైనికుల శిక్షల్ని ఖరారు చేసింది. అన్నేళ్ళు ఆ కేసు చల్లారకుండా ఉండటానికి కుటుంబం పట్టుదలే ప్రధాన కారణం, నిజమే. కానీ ఆ గొంతు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. రేడియోలో ఒక మనిషి పాడుతూ ఉంటే అతన్ని చంపినవాళ్ళని మర్చిపోవడం కష్టం.

ఆ టేపులు పాణిగ్రాహికి లేవు. ఏ గ్రామఫోను కంపెనీ బొడ్డపాడు రాలేదు. వచ్చినా రాత్రంతా సాగే జముకుల కథని మూడు నిముషాల ప్లేటులో ఎక్కడ పెడుతుంది? ఆయన పాటలు కాగితం మీద అచ్చయ్యాయి, ఇంకొకళ్ళ గొంతుల్లో బతికాయి.

ఆ ఇంకొకళ్ళు ఎవరో చూద్దాం. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు. అక్కడ విద్యార్థులు రచయితల్ని మీరెటువైపని అడుగుతూ ఒక కరపత్రం పంచారు. అప్పటికి పాణిగ్రాహి పోయి నెలన్నర కాలేదు. ఒక కవి ప్రాణమిచ్చిన జిల్లా పక్కనే సన్మాన సభ జరుగుతుంటే ఆ ప్రశ్న ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించుకోండి. అదే ఏడాది జూలై 4న విరసం పుట్టింది. 1972లో జననాట్యమండలి వచ్చింది. అందులో గద్దర్‌తో పాటు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయనది, విశాఖ షిప్‌యార్డులో పనిచేసేవారు. యంత్రం ఎలా నడుస్తుందో, దాన్ని నడిపే చేతులెవరివో వర్కర్లకి పాటలో విడమర్చి చెప్పిన మనిషి. ఇంజినీర్లుగా మనం ఒక్కసారన్నా వినాల్సిన పాట అది. వంగపండు దగ్గర ఉత్తరాంధ్ర యాస, జముకు నడక, గజ్జె అడుగు అన్నీ ఉన్నాయి. పాణిగ్రాహి ఉద్దానంలో మొదలెట్టిన పని ఆయన దగ్గర రాష్ట్రమంతటికీ చేరింది.

కాసెట్టు కూడా అప్పటికే వచ్చేసింది. 1980లలో టేప్‌రికార్డర్ పల్లెటూరి టీకొట్టు దాకా పోయింది. చవగ్గా కాపీ కొట్టుకోవచ్చు. పాటల దళాలకి అది వరం. 1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాతో వంగపండు పాట వెండితెర మీదకొచ్చింది. 2009లో 'మగధీర'లో ఒక పాటకి తన పాట పల్లవిని అడక్కుండా వాడుకున్నారని వంగపండు అభ్యంతరం చెప్పారు. ఆయన అడగ్గలిగారు. ఎందుకంటే ఆయన బతికున్నారు, ఆ పాట ఆయనదని రాష్ట్రమంతా విని ఉంది, సినిమాలో రికార్డయి ఉంది. 2020 ఆగస్టు 4న ఆయన పోయారు. గొంతు మాత్రం మన ఫోనులో ఉంది.

అదే 2020 మార్చి 6న, లాక్‌డౌన్‌కి సరిగ్గా ముందు, 'పలాస 1978' సినిమా విడుదలైంది. కరుణకుమార్ దర్శకత్వం, రఘు కుంచె సంగీతం. జీడిపప్పు బట్టీలు, జానపద కళ బతుకుగా ఉన్న కుటుంబం, ఆ ఊరి కులం గోడలు అన్నీ అందులో ఉన్నాయి. సినిమాకంటే ముందే అందులోని నక్కిలీసు గొలుసు పాట ఊళ్ళు దాటిపోయింది. పెళ్ళి బారాత్‌ల నుంచి అమెరికా తెలుగు సంఘాల స్టేజీల దాకా డాన్సులేశారు. మనం కూడా వేశాం, అబద్ధమెందుకు. ఆ పాట ఉత్తరాంధ్ర జానపదంగా జనంలోకి వెళ్ళింది.

నేను ఆగేది ఆ జానపదం అన్న మాట దగ్గర. ఆ మాట తప్పు కాదు. కొన్ని పాటలు నిజంగానే వందమంది చేతులు పడి నునుపెక్కినవి, ఒక్కరి పేరు పెట్టడం కుదరదు. కానీ అన్ని పాటలూ అలాంటివి కావు. ఎక్కడో ఒక పండగ రాత్రి, ఒక మనిషి, తన పేరున్న మనిషి, ఆ మాటని మొదటిసారి కట్టి ఉంటాడు. ఇంకో మనిషి ముప్పై ఏళ్ళు దాన్ని గొంతులో మోసి ఉంటాడు. ఆ ఇద్దరూ ఎక్కువగా మనం బొట్టుపెట్టి పిలవని కులాలవాళ్ళే. జానపదం అనగానే వాళ్ళ పేర్లు అడగాల్సిన పని తప్పిపోతుంది. డబ్బు లెక్క కూడా తప్పిపోతుంది.

ఇక్కడ నాకు ఒక ఎదురు ప్రశ్న వినిపిస్తుంది. "అందరిదీ కాబట్టే కదా పాట బతికింది? పాణిగ్రాహి హక్కులు పెట్టుకుని కూర్చుంటే ఎవరు పాడేవారు?" నిజం. ఆయన పాట పంచడానికే కట్టారు, అమ్మడానికి కాదు. కానీ పంచడం వేరు, పేరు చెరిపెయ్యడం వేరు. ఈ తేడా మన వృత్తిలోవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంఐటీ లైసెన్సునే తీసుకోండి. కోడ్ తీసుకో, మార్చుకో, అమ్ముకో, రూపాయి ఇవ్వక్కర్లేదు. ఒక్కటే షరతు, పైనున్న ఆ నాలుగు లైన్ల నోటీసు, అందులోని పేరు తీసెయ్యకు. ప్రతి రిలీజుకి ముందు మా టీములో ఒకరు కూర్చుని వాడిన లైబ్రరీలన్నిటి నోటీసులూ ఏరి ఒక ఫైల్లో పెడతారు. ఎక్కడో ఫిన్లాండులో ఎవరో రాసిన ఇరవై లైన్ల ఫంక్షనుకి కూడా. ఆ మర్యాద మన జిల్లా పాటగాడికి ఎందుకివ్వలేం?

చట్టం కూడా ఈ తేడాని గుర్తిస్తుంది. మన 1957 కాపీరైటు చట్టంలో 57వ సెక్షను ప్రకారం రచయిత హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు పోదు. రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. ఆ లెక్కన 1969లో పోయిన పాణిగ్రాహి రచనలకి 2029 డిసెంబర్ 31 దాకా. ఆ తర్వాత ఎవరైనా వాడుకోవచ్చు. 1995 నుంచి పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి కూడా చట్టంలో హక్కులొచ్చాయి. 2012 సవరణతో ప్రదర్శించినవాళ్ళ పేరు చెప్పాలన్న హక్కు కూడా చేరింది. అంటే పాట పాతదైనా, ఎవరిదో తెలీకపోయినా, ఇవాళ మైకు ముందు జముకు పట్టుకున్న మనిషికి పేరుంది, ఆ పేరు అడిగే హక్కుంది. వాడకంలో లేదు, అంతే.

పాణిగ్రాహి విషయంలో ఇంకో సంగతి ఉంది. ఆయన పేరు మరుగున పడలేదు. బొడ్డపాడులో అమరుల స్మారకం ఉంది. విప్లవ సాహిత్యం ఏ పుస్తకం తీసినా ఆయన పేరుంటుంది. కానీ ఆ పేరు మనకి అందేది ఎలా? ఎలా చనిపోయారన్నదానితో. స్తూపం మీద పేరు ఎప్పుడూ చివరి తేదీతోనే ఉంటుంది. ఆల్బం అట్ట వెనక పేర్లు వేరే రకంగా ఉంటాయి. ఫలానావారు గాత్రం, ఫలానావారు జముకు, ఫలానావారు వంత. బతికుండి ఏం చేశారో అక్కడుంటుంది. ఆయన రాసిన పాటలకి ఆయన పేరైనా ఉంది. ఆయన పక్కన నిలబడి వంత పాడినవాళ్ళ పేర్లు, ఆయన చెవిలో ఆ జముకు నాదం పడేలా చేసిన పాత కథకుల పేర్లు ఏ అట్ట మీద వెతకాలి? రాని ఆ మొదటి ఆల్బంతో మనం పోగొట్టుకున్నది ఒక గొంతు మాత్రమే కాదు, ఆ పేర్ల పట్టీ మొత్తం.

అప్పుడు రికార్డింగ్ అంటే కంపెనీ, స్టూడియో, డబ్బు. ఇప్పుడు పలాస బస్టాండులో ఎవరి జేబులో చూసినా 1940 నాటి విక్టర్ కంపెనీ దగ్గర ఉన్నదానికంటే మంచి మైకుంది. యూట్యూబులో ఉత్తరాంధ్ర జానపదం అని కొడితే చూసినంతసేపు వీడియోలు. చాలావాటికి కింద ఛానెల్ పేరుంటుంది, డీజే పేరుంటుంది, కెమెరా ఎవరో ఉంటుంది, డ్రోను ఎవరిదో కూడా ఉంటుంది. పాడిన ముసలాయన పేరుండదు.

అందుకని నేను అడిగేది చిన్న పని. సంక్రాంతికో అమ్మవారి పండక్కో ఊరెళ్తారు. జముకు పట్టుకున్నవాళ్ళు కనిపిస్తే వీడియో ఎలాగూ తీస్తారు. తీసేముందు దగ్గరకెళ్ళి "అయ్యా, తమరి పేరేటి? ఏ ఊరు? ఈ కత ఎవులు నేర్పినారు?" అని అడగండి, అదీ రికార్డు చెయ్యండి. వంత పాడేవాళ్ళని కూడా అడగండి. ఆ నాలుగు ముక్కలూ వీడియో కింద తెలుగులో రాయండి. కథ ముక్క కాకుండా రాత్రి మొత్తం తీయగలిగితే ఇంకా మంచిది, మెమరీ కార్డు ఇప్పుడు జీడిపప్పు కంటే చవక. వాళ్ళు ఒప్పుకుంటేనే పెట్టండి, డబ్బులొస్తే వాళ్ళకివ్వండి.

పాణిగ్రాహి గొంతుని 2029లో కాదు కదా ఎప్పటికీ వెనక్కి తెచ్చుకోలేం. ఈ రాత్రి ఉద్దానంలో ఏదో ఊళ్ళో పాడుతున్నవాళ్ళని మాత్రం జానపదం అనే ఒక్క మాటకింద పడెయ్యకుండా ఉండగలం. పేరడగడానికి రెండు నిముషాలు చాలు.